కొబ్బరికాయ గీతకు అవతల కొట్టండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆటస్థలాలు చూసే అధికారులకు, బడుల్లో కాలేజీల్లో పిల్లల్ని ఆడించే పీఈటీలకు, టోర్నమెంట్లు పెట్టే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. రగ్బీ ఆడే పిల్లలకు గ్రౌండులో దెబ్బలు తగలకుండా ఏం చేయాలో చెప్పే లేఖ ఇది. ఇందులో ఉన్న సంగతులనే క్లుప్తంగా రాసి రెండుసార్లు సోమవారం అర్జీల్లో ఇచ్చాం. రసీదు చేతికొచ్చింది, జవాబు రాలేదు. నోటిమాటగా తెలిసింది ఒక్కటే: ఇది భక్తికి సంబంధించిన విషయం, జోక్యం చేసుకోలేమని. మేము అడిగింది భక్తి గురించి కాదు, గ్రౌండులో మిగిలిపోయి పిల్లల ఒళ్ళు కోసే కొబ్బరి చిప్ప గురించి. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

మేము రగ్బీ అభిమానులం, హేతువాదులం. రెండూ ఒకేచోట ఎలా కుదిరాయని అడిగేవాళ్ళున్నారు. రగ్బీలోనూ పుక్కిటి పురాణాలకు కొదవ లేదు. 1823లో ఇంగ్లండులోని రగ్బీ స్కూల్లో విలియం వెబ్ ఎల్లిస్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాడని, అలా ఈ ఆట పుట్టిందని చెబుతారు. అతను పోయిన నాలుగేళ్ళకు బయటికొచ్చిన కథ అది. 1895లో ఆ బడి పూర్వ విద్యార్థులే విచారణ జరిపితే, కళ్ళారా చూశానన్న సాక్షి ఒక్కడూ దొరకలేదు. అయినా ప్రపంచ కప్పుకు అతని పేరే పెట్టారు. కప్పు అంటే మాకు ఇష్టమే, కథను మాత్రం నమ్మం. మీ విషయంలోనూ మా తీరు ఇదే. పండుగ చేసుకోండి, పూజ చేసుకోండి. పిల్లవాడి ఒంటికి దెబ్బ తగిలే చోట మాత్రం టేపు, థర్మామీటరు, గడియారం ఏం చెబితే అది వినండి.

రగ్బీ మనవైపు ఇంకా కొత్త. 2016 రియో నుంచి ఒలింపిక్స్‌లో సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ ఉంది. 2025 జూన్‌లో ముంబైలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో ఒక జట్టు, చెన్నై పేరుతో ఒక జట్టు ఆడాయి. అది చూసిన పిల్లలు బడి గ్రౌండులో బంతి పట్టుకుంటున్నారు. ఆడించే ఏర్పాట్లు మాత్రం క్రికెట్‌కు చేసినట్టే చేస్తున్నాం. క్రికెట్‌లో డైవ్ కొట్టినప్పుడు తప్ప ఒళ్ళు నేలకు తగలదు. రగ్బీలో మోకాలు, మోచెయ్యి, చెంప నిమిషానికోసారి మట్టిలో ఉంటాయి. క్రికెట్‌లో ఇబ్బంది పెట్టని చిన్న రాయి ఇక్కడ కుట్లు వేయిస్తుంది.

1. నేల

టోర్నమెంటు మొదలయ్యే ముందు గ్రౌండు మధ్యలోనో ట్రై గీత (బంతిని దాటించి నేలకు ఆనిస్తే పాయింట్లు వచ్చే గీత) మీదో కొబ్బరికాయ కొడతారు. నీళ్ళు ఇంకిపోతాయి, పెద్ద చిప్పలు ఎవరో తీసేస్తారు, వేలెడంత పెంకులు గడ్డిలో ఉండిపోతాయి. దిష్టి గుమ్మడికాయలోనైతే కుంకుమతో పాటు చిల్లర డబ్బులు వేస్తారు. కాయ పగిలాక గుజ్జు మీద కాలు జారుతుంది, నాణెం అంచు మోకాలిని కోస్తుంది. బూటు కింద నలిగిన నిమ్మకాయ వల్ల పెద్ద ప్రమాదం లేదు గానీ, ఆ పులుపు తగిలిన చేత్తో కన్ను నలుపుకుంటే సగం మ్యాచ్ పోయినట్టే. గూడూరు నిమ్మకాయకు మజ్జిగలో చేయాల్సిన పని చాలానే ఉంది.

దోషమంతా పూజదే అనడం లేదు. అంతకంటే ఎక్కువ గాయాలు సభల వల్ల, ఎగ్జిబిషన్ల వల్ల, దీపావళి టపాసుల దుకాణాల వల్ల అవుతాయి. షామియానా మేకులు పీకేస్తారు, గుంటలు పూడ్చరు. అరచేయంత గుంట చాలు, పరిగెత్తే మనిషి చీలమండ మెలితిరగడానికి. తెగిన ఇనుప తీగ, గాజు పెంకు, కార్లు నిలపడానికి పోసిన కంకర అలాగే ఉంటాయి.

దీనికి విరుగుడు ఖరీదైంది కాదు. మ్యాచ్‌కు గంట ముందు రెండు జట్ల 14 మందీ ఒకే వరుసలో, మనిషికీ మనిషికీ మీటరున్నర ఎడంతో నిలబడి, కళ్ళు నేల మీద పెట్టి నడవాలి. ఒక విడతకు 21 మీటర్ల పట్టీ అవుతుంది. గ్రౌండు వెడల్పు 70 మీటర్లు కాబట్టి నాలుగు విడతల్లో మొత్తం అయిపోతుంది. చేతిలో బకెట్టు, వరుస వెనక ఒకరి దగ్గర తాడు కట్టిన అయస్కాంతం ఉండాలి. ట్రై గీతల దగ్గర, గోల్ స్తంభాల చుట్టూ రెండోసారి చూడాలి, ఎక్కువ మంది పడేది అక్కడే.

గీతలు దేనితో గీస్తున్నారన్నది ఎవరూ అడగని ప్రశ్న. కాల్చిన సున్నం చర్మాన్ని, కంటిని కాలుస్తుంది. చెమట పట్టిన ముఖం దాని మీద పడితే ఇంకా వేగంగా. పెద్దలు వస్తున్నారంటే రోడ్డు పక్కన చల్లే బ్లీచింగ్ పౌడరు మిగిలితే దాన్నీ గ్రౌండులో వాడేస్తున్నారు, అదీ ఇంతే. వాకిట్లో వేసే రాతి ముగ్గుపిండి వాడండి, దానికి కాల్చే గుణం లేదు. కొనేటప్పుడు సున్నం కలపలేదని కనుక్కోండి. కంట్లో సున్నం పడితే నలపకుండా ధారగా మంచినీళ్ళతో కనీసం 15 నిమిషాలు కడిగి, ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక సిమెంటు పిచ్. చాలా బడుల్లో గ్రౌండు నడిమధ్యన 22 గజాల సిమెంటు పలక ఉంటుంది. దాని మీద గోనె పరిచి రగ్బీ ఆడించడం నేరంతో సమానమని మా అభిప్రాయం. తల ఆ పలకకు కొట్టుకుంటే గోనె ఆపేది ఏమీ లేదు. పూర్తి గ్రౌండుకు పొడవు 94 నుంచి 100 మీటర్లు, వెడల్పు 68 నుంచి 70 మీటర్లు ఉండాలి, చుట్టూ ఐదు మీటర్లు ఖాళీ వదలాలి. అది కుదరని చోట పిచ్‌కు ఒక పక్కన 50 మీటర్లకు 35 మీటర్ల గడి గీసి సాధన చేయించండి. బంతి పాస్ చేయడానికి, ఒకరినొకరు పడేయని ట్యాగ్ ఆటకు అది చాలు.

2. ఎండ, రాహుకాలం

టోర్నమెంట్లు ఆదివారాల్లోనే పెడతాం. ఆదివారం రాహుకాలం సాయంత్రం 4:30 నుంచి 6:00. వేసవిలో మన దగ్గర సూర్యుడు అస్తమించేది ఆరున్నర ప్రాంతంలో. సముద్రపు గాలి తిరిగి కాస్త ఊపిరాడే వేళ, వెలుతురు ఉన్న వేళ, రెండూ సరిగ్గా రాహుకాలంలోనే పడుతున్నాయి. దాన్ని తప్పించడానికి ఫైనల్‌ను మూడింటికి జరుపుతున్నారు. మే నెల నెల్లూరులో, ఒంగోలులో మూడింటి ఎండ ఎలా ఉంటుందో మీకు మేం చెప్పాలా? 42 డిగ్రీలు, దానికి తోడు తీరప్రాంతపు ఉక్కపోత. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు.

సెవెన్స్ మ్యాచ్ ఏడేసి నిమిషాలు రెండు భాగాలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. పదహారు నిమిషాలే కదా అంటారు. అదే జట్టు రోజుకు మూడు మ్యాచ్‌లు ఆడుతుందని, మధ్యలో నీడ లేని గట్టు మీద కూర్చుంటుందని, ముఖ్య అతిథి వచ్చేదాకా వరుసలో నిలబడుతుందని మరిచిపోతారు. కలకత్తాలో 1872 క్రిస్మస్ రోజున మొదలైన రగ్బీ అయిదారేళ్ళకే చతికిలబడింది. క్లబ్బులో ఉచిత మద్యం ఆగిపోవడం ఒక కారణమైతే, అక్కడి వాతావరణానికి టెన్నిస్, పోలో నయమనిపించడం ఇంకొకటి. ఖాతాలో మిగిలిన వెండి రూపాయలు కరిగించి కప్పు చేసి ఇంగ్లండుకు పంపేశారు. ఇంగ్లండు, స్కాట్లండు ఇప్పటికీ ఆడే కలకత్తా కప్పు అదే. మన ఎండను ఆనాటి దొరలు కూడా లెక్కలోకి తీసుకున్నారన్నమాట.

ఆటలో వడదెబ్బ గుర్తు పట్టే తీరు వేరు. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదులే అనుకోవద్దు. ఆడుతూ పడిపోయినవాడికి చెమట ధారగా ఉండొచ్చు. మాట తడబడటం, తన జట్టు ఏదో మరిచిపోవడం, ఊరికే కోపం తెచ్చుకోవడం, తూలడం, ఇవీ గుర్తులు. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. ఒక పెద్ద టార్పాలిన్ పట్టను నలుగురు అంచులు పట్టుకుని తొట్టిలా చేసి, పిల్లవాణ్ణి అందులో పడుకోబెట్టి, 75 నుంచి 150 లీటర్ల నీళ్ళు, పగలగొట్టిన ఐసు పోసి కదుపుతూ ఉండాలి. తల నీళ్ళ పైన ఉండేలా ఒకరు పట్టుకోవాలి. ఈలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి. రొయ్యల లోడ్లకు టన్నుల కొద్దీ ఐసు దొరికే జిల్లాలో రెండు దిమ్మెలు తెప్పించి గోనెలో చుట్టి పెట్టుకోవడం కష్టమేమీ కాదు. తెలివి సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయొద్దు.

నీళ్ళ విషయం తెలిసిందే: పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో కాదు. ఉప్పు మజ్జిగ మంచిదే. శిబిరం మొదటిరోజే రెండు గంటలు పరిగెత్తించొద్దు, ఒళ్ళు ఎండకు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది.

3. ఒంటి మీద లోహం

ఆట నియమావళిలో నాలుగో నియమం ఆటగాడి దుస్తుల గురించి. గొలుసులు, ఉంగరాలు, గట్టి వస్తువులు, పదునైనవి ఏవీ వేసుకోకూడదు. తాయెత్తు, కడియం, సిలువ గొలుసు, మొలతాడుకు కట్టిన వెండి బిళ్ళ, అన్నీ ఇందులోకే వస్తాయి. ఏ మతానిదని మేము చూడం. కాలి నల్లతాడులో ఎదుటివాడి వేలు ఇరుక్కుంటే వేలు విరుగుతుంది. మెడతాడు టాకిల్‌లో, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేసేటప్పుడు, బిగుసుకుంటుంది. ప్లాస్టర్ చుట్టి దాచినా లోహం లోహమే.

రిఫరీ తీయమంటే నిర్వాహకులే అడ్డుపడి సర్దుకోమని చెబుతున్నారు. ఆ మాట అనకండి. తీసింది పోతుందన్న భయం నిజమైనదే కాబట్టి, ఆటగాడి పేరు రాసిన జిప్పు సంచీలు స్కోరు బల్ల దగ్గర పెట్టండి. మ్యాచ్ అయ్యాక కట్టుకోవచ్చు.

4. తల దెబ్బ

ఇక్కడ మాత్రం మర్యాద కాస్త తగ్గించి రాస్తున్నాం.

తల అదిరితే స్పృహ తప్పాలనేం లేదు. చాలాసార్లు తప్పదు. బిత్తర చూపు, లేచి తూలడం, స్కోరు ఎంతో చెప్పలేకపోవడం, తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, వెలుతురు భరించలేకపోవడం: వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. అనుమానం ఉన్నా బయటికి పంపడమే ప్రపంచ రగ్బీ సంస్థ చెప్పే పద్ధతి. మనం చేస్తున్నదేమిటి? మొహాన నీళ్ళు కొట్టి, ఉల్లిపాయ వాసన చూపించి, వణికితే చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టి, ఐదు నిమిషాల్లో మళ్ళీ దించుతున్నాం. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళూ తడి స్పాంజి రుద్ది మహిమ అనుకునేవారు. ఇనుము చేతిలో పెడితే మూర్ఛ ఆగదు. అది దానంతటదే ఆగే సమయానికి తాళాలు చేతికొస్తాయి, ఘనత వాటికి దక్కుతుంది. ఆ నిమిషంలో చేయాల్సింది చుట్టూ గుంపు తొలగించడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, వణుకుతున్నంతసేపు అదిమి పట్టకపోవడం, వణుకు ఆగాక తల, మెడ కదలకుండా రెండు చేతులతో పట్టి ఉంచడం, 108ని పిలవడం. మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్ళు తిమ్మిరి అన్నా లేపి కూర్చోబెట్టొద్దు, భుజాల మీద వేసుకుని మోయొద్దు. ఎముక బాధకు పుత్తూరు కట్టు కట్టించుకునేవాళ్ళతో మాకు పేచీ లేదు గానీ, తల, మెడ విషయంలో మొదటి మెట్టు ఆసుపత్రి.

ఆ రాత్రి పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకూడదు, బండి నడపనివ్వకూడదు. వాంతులు ఆగకపోయినా, మగత పెరుగుతున్నా, తలనొప్పి ముదురుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మళ్ళీ మ్యాచ్ ఆడటానికి కనీసం 21 రోజులు ఆగాలి, లక్షణాలన్నీ పోయి, మెట్టు మెట్టుగా సాధన చేసి, డాక్టరు సరేనన్నాకే. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే పిల్లల మెదడు వాచి ప్రాణం మీదికి రావొచ్చు.

దెబ్బలు తింటేనే మగాడు గట్టిపడతాడన్న మాట కూడా మూఢనమ్మకమే. దీన్ని దిష్టి గుమ్మడికాయ కన్నా ప్రమాదమని అంటున్నాం, ఎందుకంటే దీన్ని మన రగ్బీవాళ్ళే నమ్ముతారు.

5. టాకిల్ నేర్పే వరుస

మన పల్లెల్లో కబడ్డీ పట్టు తెలియని కుర్రాడు అరుదు. అది మంచి పెట్టుబడి, కానీ ఒక చిక్కుంది. కబడ్డీలో రెయిడర్ దాదాపు నిలబడ్డప్పుడు తొడ పట్టు పడతాం, తల ఎటున్నా చెల్లుతుంది. రగ్బీలో ఎదుటివాడు పూర్తి వేగంతో వస్తాడు. తల అతని మోకాళ్ళ ముందుకు వెళ్ళిందంటే దెబ్బ తగిలేది పట్టినవాడికే. భుజం తగలాలి, చెంప అతని పిరుదు వెనకకు ఆనాలి, కళ్ళు తెరిచి ఉండాలి, రెండు చేతులూ చుట్టి బిగించాలి. చేతులు చుట్టకుండా భుజంతో గుద్దితే ఫౌల్. భుజాల గీతకు పైన పట్టడమూ ఫౌలే. సెవెన్స్‌లో ఎల్లో కార్డు పడితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి.

మొదటి నెల టాకిల్ వద్దు. నడుముకు రెండు పక్కలా గుడ్డ పట్టీలు దోపి, పట్టీ లాగితే ఆగే ట్యాగ్ ఆట ఆడించండి. ఆ తర్వాత ఇద్దరూ మోకాళ్ళ మీద, తర్వాత పట్టేవాడు మోకాళ్ళ మీద, ఎదుటివాడు నడుస్తూ, తర్వాత ఇద్దరూ నడుస్తూ, చివర్లో నెమ్మదిగా పరిగెత్తుతూ. ప్రతి మెట్టులో కుడి భుజంతో పది, ఎడమ భుజంతో పది. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో మెత్తటి పొడి ఇసుక పట్టీ కన్నా మంచి పరుపు డబ్బు పెట్టినా దొరకదు, గవ్వలు ఏరేసుకుంటే చాలు. రెండు జట్లవాళ్ళు తలలు వంచి భుజాలు ఆనించి ఒకరినొకరు నెట్టుకునే స్క్రమ్ మొదటి ఏడాది అక్కర్లేదు.

6. ఆడపిల్లలు

ముట్టు రోజుల్లో గ్రౌండులోకి రావద్దని, పూజ చేసిన కప్పును తాకొద్దని అమ్మాయిలకు చెబుతున్నారు. బీహారులోని బాఢ్ అనే ఊరి అమ్మాయి స్వీటీ కుమారిని 2019లో ప్రపంచ స్థాయి ఉత్తమ యువ క్రీడాకారిణిగా ఒక అంతర్జాతీయ మహిళా రగ్బీ వేదిక ఎంపిక చేసింది. ఆమెను ఏ నెలలో ఏ రోజు ఆడావని ఎవరూ అడగలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్లు మూయించిన జిల్లా ఇది. అమ్మాయిలకు కావలసింది గడియ వేసుకోగల మరుగుదొడ్డి, నీళ్ళ కొళాయి, చెత్తబుట్ట, ముదురు రంగు నిక్కరు.

7. వాన

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బడి పోటీలు చాలావరకు అప్పుడే పెడుతున్నారు. నల్లరేగడిలో బూటు దిగబడితే కాలు ఆగిపోతుంది, ఒళ్ళు తిరుగుతుంది, మోకాలు పోతుంది. మడమతో నొక్కిన గుంటలో నీళ్ళు ఊరితే ఆ రోజు ఆట లేదు. జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా మన జిల్లాలకు తగిన కాలం.

ఇంత చెప్పి మేము అడుగుతున్నది ఇది:

(క) ఆట గీతలకు ఐదు మీటర్ల అవతల, నేల మీద పట్ట పరిచి, పూజకు ఒక చోటు కేటాయించండి. కొబ్బరికాయ, గుమ్మడికాయ అక్కడే.

(ఖ) గ్రౌండు సభలకు, దుకాణాలకు ఇచ్చేటప్పుడు డిపాజిట్ తీసుకోండి. గుంటలు పూడ్చి, మేకులు ఏరి, పీఈటీ సంతకం పెట్టాకే తిరిగివ్వండి.

(గ) మార్చి 15 నుంచి జూన్ చివరి దాకా ఉదయం 8:30 తర్వాత, సాయంత్రం 4:30కు ముందు ఏ మ్యాచ్ పెట్టొద్దని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. రాహుకాలం మినహాయింపు వద్దు.

(ఘ) తల దెబ్బకు బయటికి పంపిన ఆటగాడి పేరు, తేదీ ఒక రిజిస్టరులో రాయండి. 21 రోజులలోపు అతని పేరు ఏ జట్టు జాబితాలోనూ కనిపించకూడదు. జట్టు మారినా సరే.

(ఙ) మే నెల వేసవి శిక్షణ శిబిరాలు మొదలయ్యేలోగా పీఈటీలకు టాకిల్, తల దెబ్బ, వడదెబ్బ మీద ఒక రోజు శిక్షణ పెట్టండి.

(చ) ముట్టు పేరుతో ఏ అమ్మాయినీ గ్రౌండు నుంచి పంపొద్దని బడులకు సర్క్యులర్ పంపండి.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ(హెచ్)లో రాసి ఉంది. దాన్ని అధికారులకు గుర్తు చేయాల్సి రావడం మాకూ ఇబ్బందిగానే ఉంది. నెల్లూరు రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె మార్చుకునేవాళ్ళను మేం ఎగతాళి చేయం. గ్రౌండు రొట్టె ఇంకా ఎవరూ పెట్టలేదు, పెట్టినా మేము అర్జీతోనే వస్తాం.

మా దగ్గర 100 మీటర్ల టేపు, థర్మామీటరు, అయస్కాంతం, పద్నాలుగు మంది మనుషులు ఉన్నారు. ఏ ఆదివారమైనా ఉదయం ఆరింటికి వస్తాం. ఏ గ్రౌండుకు రావాలో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో చెప్పండి.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల రగ్బీ అభిమానులైన హేతువాదులు